అప్పుకు ముందు అర్జీ

వచ్చే ఏడాది సెప్టెంబరులో విదేశాల్లో మాస్టర్స్‌లో చేరాలనుకునే పిల్లలకు అసలైన సీజను ఈ ఆగస్టులోనే మొదలవుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్ళకు ఈ సంగతి తెలియదు. అక్కడ ఇప్పుడు నడుస్తున్న లెక్కలు వేరు. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకు ఎంత ఇస్తుంది, ఊళ్ళో ఎకరం అమ్మితే ఎంత వస్తుంది, బావగారు ష్యూరిటీ సంతకం పెడతారా లేదా అనేవి ఆ లెక్కలు. స్కాలర్‌షిప్ మాట వాటిలో రాదు. ఎవరైనా ఎత్తినా “అవన్నీ టాపర్లకు వస్తాయి, మనకెక్కడివి?” అనే ఒక్క మాటతో ఆ చర్చ ముగిసిపోతుంది. ఆ మాట నిజం కాదని చెప్పడానికే ఈ నెల సంపాదకీయం.

మనం ఉంటున్న ఈ బ్రిటన్ సంగతే చూద్దాం. బ్రిటిష్ ప్రభుత్వం 1983 నుంచి ఇస్తున్న చీవ్నింగ్ స్కాలర్‌షిప్ ఏడాది మాస్టర్స్‌కు ఫీజు, నెలనెలా ఖర్చులు, విమాన టికెట్టు అన్నీ భరిస్తుంది. దానికి గోల్డ్ మెడల్ అక్కర్లేదు. మాస్టర్స్‌లో సీటు తెచ్చుకోగలిగిన డిగ్రీ, రెండేళ్ళ పని అనుభవం ఉండాలి. చదువయ్యాక కనీసం రెండేళ్ళు స్వదేశంలో ఉంటానని ఒప్పుకోవాలి. మిగతాదంతా అభ్యర్థి రాసిన వ్యాసాల మీదా, ఇంటర్వ్యూ మీదా ఆధారపడుతుంది. నలుగురినీ కూడగట్టి ఏం చేయించావు, పరిచయాలను పనికెలా ఉపయోగించావు, ఈ కోర్సు ఇక్కడే ఎందుకు చదవాలి, వెనక్కి వెళ్ళి ఏం చేస్తావు అనేవి వాళ్ళడిగే ప్రశ్నలు. 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన సమావేశంలో పుట్టిన కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌లలో ‘షేర్డ్’ అనే విభాగం ఉంది. సొంత డబ్బుతో ఈ దేశానికి వచ్చి చదవలేని వాళ్ళ కోసమే దాన్ని పెట్టారు. యూరప్ వైపు చూస్తే ఎరాస్మస్ ముండస్ ఉంది. కనీసం రెండు దేశాల్లో చదువు, ఫీజు లేదు, పైగా నెలకు 1,400 యూరోల వేతనం. జర్మనీ వాళ్ళ డాడ్ సంస్థ అభివృద్ధికి సంబంధించిన కోర్సులకు ఇచ్చే స్కాలర్‌షిప్‌కు కూడా రెండేళ్ళ ఉద్యోగ అనుభవం కావాలి. అమెరికా వెళ్ళేవాళ్ళకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఉంది. అది మూడేళ్ళు అడుగుతుంది.

ఈ అనుభవం నిబంధన దగ్గరే మన ఇళ్ళ ఆలోచన అడ్డం తిరుగుతోంది. బీటెక్ అయిన ఏడాదే విమానం ఎక్కకపోతే “గ్యాప్ వచ్చింది” అంటాం. బంధువుల పెళ్ళిలో “ఇంకా ఇక్కడే ఉన్నావా?” అని అడుగుతాం. అమ్మాయి అయితే సంబంధాలు చూడటం మొదలుపెడతాం. ఊళ్ళో ఉండి ఒక ఆసుపత్రిలోనో, స్వచ్ఛంద సంస్థలోనో, మునిసిపాలిటీ ఇంజినీరింగు విభాగంలోనో చేసిన రెండేళ్ళ పనిని పోయిన కాలంగా జమకడతాం. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్ళు అడిగేది సరిగ్గా ఆ రెండేళ్ళనే. పాతిక ముప్ఫై లక్షల అప్పు చేసి పంపడాన్ని తెగింపు అంటున్నాం కానీ, రెండేళ్ళు ఆగి అప్పు లేకుండా వెళ్ళడానికి మరింత ధైర్యం కావాలి. ఆ ధైర్యం తల్లిదండ్రుల నుంచే రావాలి.

మరో అడ్డంకి తేదీలు. చీవ్నింగ్ దరఖాస్తులు ఇటీవలి సంవత్సరాల్లో ఆగస్టులో తెరిచి అక్టోబరు మొదట్లో మూసేస్తున్నారు. కామన్వెల్త్ మాస్టర్స్ స్కాలర్‌షిప్ గడువు అక్టోబరు మధ్యలో ముగుస్తోంది. ఎరాస్మస్ కోర్సులు చాలావరకు అక్టోబరు, జనవరి నెలల మధ్య దరఖాస్తులు తీసుకుంటాయి. మన పిల్లలు స్కాలర్‌షిప్ గురించి అడగడం మొదలుపెట్టేది ఫిబ్రవరిలో, యూనివర్సిటీ ఆఫర్ లెటర్ చేతికొచ్చి ఫీజు అంకె చూసి గుండె జారినప్పుడు. అప్పటికి బండి వెళ్ళిపోయి ఉంటుంది. కన్సల్టెన్సీ వాళ్ళు ముందుగా చెప్పరా అంటే, చాలామంది చెప్పరు. విద్యార్థి చేరితే యూనివర్సిటీ కమీషన్ ఇస్తుంది. చీవ్నింగ్‌కు ఒకరు ఎంపికైతే వాళ్ళకు ఒరిగేదేమీ ఉండదు. ఇందులో ఎవరినీ తప్పుపట్టాల్సింది లేదు, వాళ్ళది వ్యాపారం. అయితే పిల్లల భవిష్యత్తు గురించి సలహా చెప్పేవాళ్ళు వాళ్ళొక్కరే కావడం మంచిది కాదు.

పోయిన ఏడాది మన తెలుగు సంఘానికి వచ్చిన ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తు ముసాయిదా గురించి చెప్పాలి. రాసిన అమ్మాయి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి చెందిన నర్సు. డయాలసిస్ చేసే చోట పనిచేస్తోంది. ప్రజారోగ్యంలో మాస్టర్స్ చేయాలని ఆమె కోరిక. ఉద్దానంలో ఇన్నేళ్ళుగా ఇన్ని కుటుంబాలను తినేస్తున్న కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదన్న సంగతి మన పాఠకులకు తెలుసు. ఆమె ముసాయిదా మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యానికి ఇచ్చిన నిర్వచనంతో మొదలైంది. తరువాత పేరాలో “చిన్ననాటి నుంచీ ప్రజాసేవ పట్ల నాకు ఎనలేని ఆసక్తి” అని ఉంది. వందమంది రాసినా ఇలాగే రాస్తారు. చివరి పేజీలో, పేరా మధ్యలో ఇరికించిన ఒక వాక్యం మాత్రం వేరుగా ఉంది. తన దగ్గరికి వచ్చే రోగులు ఏ ఊరివాళ్ళు, ఏ బోరు నీళ్ళు తాగుతారు, ఒళ్ళునొప్పులకు మెడికల్ షాపులో ఏ మాత్రలు కొనుక్కుని వేసుకుంటారు అన్నవి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నానని.

ఇక్కడి ఆసుపత్రిలో పనిచేసే మన సభ్యురాలొకరు ఆ వాక్యం దగ్గర ఆగిపోయారు. ఫోన్ చేసి “ఆ నోట్‌బుక్ ఎవరు రాయమన్నారమ్మా?” అని అడిగారు. “ఎవరూ రాయమనలేదండీ. జీడితోటల్లో పనిచేసేవాళ్ళు ఒకరి వెంట ఒకరు వస్తుంటే రాయాలనిపించింది” అంది. డాక్టరుగారికి చూపించావా అంటే, చూపించాననీ, ఆయన చెప్పాక మిగతా నర్సులు కూడా రాయడం మొదలుపెట్టారనీ చెప్పింది. నాయకత్వం గురించి రాయమన్న ప్రశ్నకు జవాబు అదే. ఆ అమ్మాయి ఆ ప్రశ్నకు కాలేజీలో క్లాస్ రిప్రజెంటేటివ్‌గా ఉన్నానని రాసింది. తను చేసిన పెద్ద పని ఆమె కంటికి పనిగానే ఆనలేదు.

వ్యాసం మళ్ళీ ఆమె చేతే రాయించారు. మొదటి వాక్యంలోకి నోట్‌బుక్ వచ్చింది. నిర్వచనాలు పోయాయి. వెనక్కి వెళ్ళి ఏం చేస్తావన్న ప్రశ్నకు తన మండలం పేరు, ఆరోగ్య కేంద్రాల్లో రికార్డులు రాసే పద్ధతిలో తను తేదలచిన మార్పు రాసింది. ఇంటర్వ్యూ దాకా వెళ్ళింది. ఎంపిక కాలేదు. ఈ ఆగస్టులో మళ్ళీ పెడుతోంది. ఒకసారి రాకపోతే అర్హత లేదని అర్థం కాదని పిల్లలకంటే ముందు మనం తెలుసుకోవాలి.

వ్యాసం ఒక్కటే కాదు, కాగితాల బాధ కూడా ఉంది. రెకమెండేషన్ లెటర్ అడిగితే చాలా కాలేజీల్లో “నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతాను” అంటారు. ఆ లెటర్లు చదివేవాళ్ళు ఏళ్ళ తరబడి అదే పనిలో ఉంటారు. విద్యార్థి తన గురించి తనే రాసుకున్న పొగడ్తను ఇట్టే పసిగడతారు. క్లాసులో ఫస్టు వచ్చాడని చెప్పే ప్రిన్సిపాల్ సంతకం కంటే, ఫలానా ప్రాజెక్టులో ఫలానా చోట చిక్కొస్తే ఇలా దాటాడని రెండు పేరాలు రాసే ల్యాబ్ ఇన్‌ఛార్జి మేలు. ట్రాన్‌స్క్రిప్టులకు యూనివర్సిటీలో అర్జీ పెడితే ఎప్పుడొస్తాయో చెప్పలేం కాబట్టి ఇప్పుడే పెట్టాలి. పేర్ల తేడా మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఉండే తలనొప్పి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, డిగ్రీలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో వెనకాముందు అవుతుంది. దరఖాస్తు పెట్టే రోజున కాకుండా ఈ నెలలోనే అన్నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మన ప్రభుత్వాల పథకాల గురించి కూడా చెప్పాలి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నాటిది. ప్రధానంగా ఎస్సీ విద్యార్థులకు, కొద్ది సీట్లు సంచార జాతుల వారికీ, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల వారి పిల్లలకూ ఉంటాయి. ఏడాదికి 125 మందికి ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట మరొకటి ఉన్నాయి. 20 లక్షల వరకు ఇచ్చే ఈ సహాయంలో ఒక మెలిక తెలుసుకోవాలి. డబ్బు ముందు రాదు. విద్యార్థి ఆ దేశంలో దిగిన కాగితం చూపాక మొదటి విడత, తొలి సెమిస్టరు ఫలితాలు చూపాక రెండో విడత వస్తాయి. అంటే వీసాకు చూపాల్సిన సొమ్ము, మొదటి ఫీజు ముందే సిద్ధంగా ఉండాలి. ఈ సంగతి తెలియక ఎంపికైన తరువాత వడ్డీ వ్యాపారి గడప తొక్కిన కుటుంబాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మారినప్పుడు పథకం పేరూ, యూనివర్సిటీ ర్యాంకుల నిబంధనా మారుతూ వచ్చాయి. కాబట్టి పోయినేడు సీనియర్ చెప్పిన రూలు నమ్ముకోకుండా ఈ ఏటి ఉత్తర్వు చదివి దిగాలి.

పథకానికి అంబేద్కర్ పేరు పెట్టడం ఊరికే జరగలేదు. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ మూడేళ్ళపాటు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనంతోనే ఆయన న్యూయార్క్ వెళ్ళి, 1915లో కొలంబియా యూనివర్సిటీలో ఎం.ఏ. పూర్తి చేశారు.

ప్రవాసులుగా మనకు మరింత దగ్గరి కథ ఇంకొకటుంది. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవగలిగారంటే, మామగారు కూడగట్టిన డబ్బుతో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసా ఆయన వెనక ఉంది. ఆ నాయకర్ బర్మాకు వలస వెళ్ళి, అక్కడ సంపాదించిన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిచ్చిన తెలుగువాడు. సముద్రం దాటి వెళ్ళిన ఒక తెలుగువాడి సంపాదన మరో తెలుగువాడు సముద్రం దాటడానికి అక్కరకొచ్చింది. అంత సాయం ఉన్నా బోస్టన్‌లో సుబ్బారావు రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాలు ఎత్తే పని చేసి పొట్టపోసుకున్నారు. ఆయన సోదరులను స్ప్రూ అనే పేగుల వ్యాధి పొట్టన పెట్టుకుంది. తరువాతి కాలంలో అదే జబ్బుకు పనికొచ్చిన ఫోలిక్ యాసిడ్ తయారీలో ఆయన చేయి ఉంది. ఎందుకు చదవాలో ఇంటి దగ్గరే తెలుసుకుని బయలుదేరిన మనిషి ఆయన. ఉద్దానం నర్సు దగ్గర ఉన్నది కూడా అలాంటి కారణమే.

నాయకర్‌లా ఆస్తులు రాసిచ్చే స్థితి మన సంఘానికి లేదు. పండుగలకు వసూలైన చందాల్లో మిగిలింది ఒక విద్యార్థి ఒక సెమిస్టరు ఫీజుకు కూడా చాలదు. అయితే మనలో వందల మందికి ఈ దేశంలో చదివిన అనుభవం ఉంది, ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేసిన అనుభవం ఉంది, ఒక వ్యాసం చదివి ఇది నిజంగా రాసిందా, ఎక్కడినుంచో ఎత్తిందా అని చెప్పగల తెలివి ఉంది. పల్లెటూరి డిగ్రీ కాలేజీలో చదివిన పిల్లవాడికి ఆ చదివిపెట్టే మనిషే దొరకడం లేదు. డబ్బున్న ఇంటి పిల్లలకు మేనమామ కొడుకో, సీనియరో ఎవరో ఒకరు ఉంటారు. తేడా అంతా అక్కడే వస్తోంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. చదివిపెట్టడమంటే రాసిపెట్టడం కాదు. మన ఇంగ్లీషు వాళ్ళ వ్యాసంలోకి ఎక్కించామంటే ఇంటర్వ్యూలో ఆ పిల్లలు మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. కన్సల్టెన్సీలో ఇచ్చిన నమూనాలోనో, కంప్యూటర్ రాసిచ్చిన పేరాలోనో పేరు మార్చి పంపితే దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది. వాక్యం కాస్త వంకరగా ఉన్నా ఫరవాలేదు, అందులో ఉన్న పని వాళ్ళు చేసిందై ఉండాలి. మనం ప్రశ్నలు అడుగుదాం. జవాబులు వాళ్ళనే రాయనిద్దాం.

అందుకే ఈ ఏడాది కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. ఆగస్టు నుంచి జనవరి దాకా ఒక్కో సభ్యుడు, సభ్యురాలు ఇద్దరేసి విద్యార్థుల దరఖాస్తులు చదివి, ఒక్కసారైనా ఫోన్‌లో మాట్లాడి, పిలుపు వచ్చినవాళ్ళకు ఒక నమూనా ఇంటర్వ్యూ చేయాలని. వారానికి రెండు గంటలు చాలు. ప్రభుత్వ కాలేజీల్లో చదివినవాళ్ళకూ, ఇంట్లో తొలిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్ళకూ ముందు అవకాశం ఇద్దాం. మీ ఊళ్ళో అలాంటి పిల్లలెవరైనా ఉంటే ఈ సంచిక వాళ్ళ చేతికి అందేలా చూడండి. ఈ పనికి ముందుకొచ్చేవారు ఈ నెలాఖరులోగా సంఘం కార్యదర్శికి తమ పేరు, తాము చదివిన సబ్జెక్టు తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.