పాతబండికి పట్టు

మోటారుబండి కంటబడినంతనే మనవారు మొట్టమొదట నడుగు ప్రశ్న "ఎంత వేగము పోవును?" అనునది. "ఎంత దూరములో నిలుచును?" అని యడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నకు ప్రత్యుత్తరము ఇంజనులో లేదు. నేలను తాకుచుండు నాలుగు రబ్బరు తునుకలలో గలదు. వేయి కిలోల బరువుగల కారులో ఒక్కొక్క చక్రముపై బడు భారము రమారమి 250 కిలోలు. టైరులోని గాలి చదరపు సెంటీమీటరునకు రెండు కిలోల చొప్పున నెత్తియున్నచో, నేలనంటు భాగము 125 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అనగా ఇంచుమించు మన చేయి పరచినంత. కారు పరుగెత్తుటయు, మలుపు తిరుగుటయు, ఆగుటయు ఆ నాలుగు చేతుల ప్రాపుననే జరుగవలయును. కావున పాతబండిని బాగుచేయ దలచిన యువకులు దేనికి ముందుగా ధనము వెచ్చింపవలయునో మా యభిప్రాయము నీ పత్రికాముఖమున విన్నవించుచున్నాము.

ఇది పందెపుకార్లుగల ధనవంతుల ముచ్చటయే గాని పల్లెపట్టు విద్యార్థుల కేల యని కొందరు శంకింపవచ్చును. ఆ శంక నిలువదు. మన చెరుకుపల్లి ప్రాంతము కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది. 1855లో బెజవాడకడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ సీమయంతయు కాలువలతో నిండినది; మన బాటలలో ననేకములు ఆ కాలువల గట్లవెంబడి సాగుచున్నవి. నేల నల్లరేగడి. తడిసినచో అరికాలికి మైనమువలె నంటుకొనును. తారుబాటపై బడి వానకు పలుచనైనచో సబ్బునీటివలె జారును. పేటలోని బాటపై చక్రము జారినచో బండికి దెబ్బ తగులును. కాలువగట్టుపై జారినచో ప్రాణమే పోవచ్చును. కనుక పట్టు అనునది మనకు విలాసవిషయము గాదు.

చక్రమును మార్చి బండి గుణమును మార్చుట మనకు క్రొత్తగాదు. మన తాతలనాటి యెడ్లబండి కొయ్యచక్రమునకు ఇనుపకమ్మి బిగించెడివారు. ఆ కమ్మి సన్ననిది. మెత్తని నేలలో దిగబడెడిది, కంకరబాటను గాడులు చేసెడిది. తరువాత టైరుబండి వచ్చినది. గాలి నింపిన రబ్బరు చక్రమునకు 1845లోనే రాబర్టు విలియం తాంసను అను స్కాట్లండు దేశస్థుడు హక్కుపత్రము పొందెను గాని యది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్లపు తన కుమారుని మూడుచక్రముల బండికొరకు దానిని మరల కల్పించి లోకమున వ్యాపింపజేసెను. ఎడ్లు అవే, బండి అదే. చక్రము మారినంతనే లాగుట తేలికయైనది, బాటకు బాధ తగ్గినది. పాత బండికి మంచి చక్రము తొడుగుట తప్పని వాదించువారు ఈ యొక్క యుదాహరణమును తలపోసిన చాలును.

అయితే ఏ మార్పైనను లెక్కతో జేయవలయును. 1989లో వెలువడిన మాజ్డా మియాటా యను రెండాసనముల చిన్నకారును గైకొందము. దానికి మొదట నుండిన టైరుపై 185/60 ఆర్ 14 అని యుండెడిది. 185 అనగా టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అనగా ఆ వెడల్పులో నూటికి 60 వంతులు ప్రక్కగోడ యెత్తు. 14 అనగా లోపలి చక్రపు వ్యాసము అంగుళములలో. ప్రక్కగోడ 111 మిల్లీమీటర్లు, రెండువైపులు కలిసి 222, పదునాలుగంగుళములు 355.6, మొత్తము వ్యాసము 577.6 మిల్లీమీటర్లు. ఈ కారును ప్రేమించువారు పలువురు దీనికి పదునైదంగుళముల చక్రమును, 195/50 టైరును తొడుగుదురు. లెక్కవేసిన 195, 381 కలిసి 576 మిల్లీమీటర్లగును. చక్రము పెద్దదైనను మొత్తము వ్యాసములో భేదము 1.6 మిల్లీమీటరు మాత్రమే. వేగము చూపు ముల్లు అబద్ధమాడదు, టైరు మడ్గార్డునకు రాచుకొనదు. ప్రక్కగోడ పొట్టిదగుటచే మలుపులలో టైరు తక్కువగా నొరిగి చక్రము చెప్పినమాట వినును. మార్పు అనగా నిట్లుండవలయును. మన తరగతిలో నేర్చిన నూటికి వంతుల లెక్క దీనికి చాలును.

లెక్కలేక చేయు మార్పుల సంగతి వేరు. వెడల్పైనకొలది పట్టు పెరుగునని పలువురు తలంతురు. బరువును గాలియొత్తిడియు మారనిచో నేలనంటు వైశాల్యము విశేషముగా మారదు. దాని యాకారము మాత్రము అడ్డముగా విరివియై, పొడవున కురుచనగును. పొడినేలపై మలుపులకిది మేలే. నీరు నిలిచిన బాటపైననో వెడల్పు టైరు నీటిని చీల్చలేక దానిపై త్వరగా తేలును. మన యానకాలమున ఈ భేదము మరువరాదు. మరియు తళతళలాడు పెద్దచక్రము బరువైనదైనచో గతుకులలో నేల నంటిపెట్టుకొనక యెగిరిపడును. ప్రక్కగోడ మరీ పొట్టిదైనచో ఆ గతుకు దెబ్బ నేరుగా చక్రపు టంచుకు దగులును. పైన పటారము, లోన లొటారము అను సామెత యిచ్చట చక్కగా నన్వయించును.

ఇంతకంటె ముఖ్యమైనది రబ్బరు వయస్సు. 1839లో చార్లెసు గుడియరు గంధకముతో గూర్చి వేడిచేసి రబ్బరును గట్టిపరచు విధము కనుగొనెను. అట్లు సాధించిన మేలిమి సాగుదల కాలక్రమమున ఎండకును గాలికిని నశించును. పాతకార్లు నెలకొక్కసారి షెడ్డునుండి బయటికి వచ్చునవి. వాని టైర్ల గాడులు చెడక క్రొత్తవివలె కనబడును గాని రబ్బరు కొయ్యవలె గట్టిపడి యుండును. ప్రక్కగోడపై గల నాలుగంకెలు చదివిన గుట్టు బయటపడును: 2319 అని యున్నచో నది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. గాడుల లోతు కార్లకు 1.6 మిల్లీమీటర్లకును, రెండుచక్రముల బండ్లకు 0.8 మిల్లీమీటరునకును తగ్గరాదని 1989నాటి కేంద్ర మోటారువాహన నియమములు చెప్పుచున్నవి. గాడులను చట్టము కొలుచుచున్నది. వయస్సును మాత్రము బండిగలవాడే కొలుచుకొనవలయును.

2014లో తయారగుట నిలిచిపోయిన అంబాసిడరు వంటి పాతకార్లకు మరియొక హెచ్చరిక. అవి పుట్టినకాలమున పోగులు ఏటవాలుగా నొండొంటిని దాటు అల్లికటైర్లు వాడుకలో నుండెను. 1946లో మిషెలిను సంస్థ హక్కుపత్రము పొందిన రేడియలు టైర్లలో పోగులు అంచునుండి అంచునకు సూటిగా సాగును. వాని పట్టు మేలైనది. కాని ధనము చాలక ముందు రెంటికి రేడియలును, వెనుక రెంటికి పాతరకమును తొడుగుట మహాపాయకరము. మలుపులో వెనుకభాగము ముందుగా పట్టువిడిచి బండి గిరగిర తిరుగును. మార్చినచో నాలుగును మార్చవలయును. లేనిచో నూరకుండుట మేలు.

పాతబండిని పుట్టినట్లే యుంచుట ధర్మమని కొందరు పెద్దలందురు. వారి మాటలో గౌరవింపదగిన భావమున్నది. అయినను తొలిచక్రములను జాగ్రత్తగా దాచి, పరుగునకు వేరుచక్రములు తొడిగినచో చరిత్రకు లోటులేదు. మద్రాసు చేరువనున్న షోలవరమున, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానముల బాటపై, పూర్వము పందెములు నడపినవారు మన వీధులలో దిరిగిన ఫియటు, హెరాల్డు కార్లనే సవరించి పరుగెత్తించిరి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేనుసాగరు చెంత జరిగిన విద్యుత్కార్ల పందెములో కార్లన్నియు ఎండకును వానకును ఒక్కటే రకపు గాడుల టైర్లతో పరుగిడినవి. వేగమే వృత్తిగాగలవారును వానను మరువలేదు. మేమెంచు క్రమమిది: మొదట టైర్లు, పిదప బ్రేకులు, ఆపై కుదుపులనాపు కడ్డీలు, చక్రముల సొగసు, ఇంజను బలము చిట్టచివర.

పట్టు అనునది చక్రమునకును బాటకును గల ఒడంబడిక. ఒక పక్షమే పాటించిన చాలదు. దమ్ముచేయు దినములలో ట్రాక్టరుకు బిగించు ఇనుపచక్రములు బురదకు దగినవి. పొలములో వానిని మించిన పట్టు లేదు. వానితోడనే తారుబాట నెక్కినచో బాట చిట్లును, రేగడి పెళ్లలు రాలును; చీకటిలో వచ్చు సైకిలువానికి, మోటారుసైకిలువానికి ఆ పెళ్లలే మృత్యువగును. రైతుసోదరులు గట్టెక్కుటకు ముందు ఆ చక్రములను విప్పి, బాటపై రాలిన మట్టిని పారతో నెత్తివేసినచో ఎన్ని కొత్త టైర్లును చేయలేని మేలు చేసినవారగుదురు. ఇది చట్టమునకంటె పొరుగువారియెడల ప్రేమకు సంబంధించిన విషయమని మా నమ్మకము.

విద్యార్థి సోదరులారా! ఇసుకపై నిల్లు కట్టినవాని యుపమానము మన పాఠశాలలో వినని వారులేరు. ఆ యింటి గోడలు చెడ్డవని యెవరును చెప్పలేదు; పునాది చెడినది. బండికి పునాది టైరు. మీ యింట సైకిలున్నను, తండ్రిగారి మోటారుసైకిలున్నను, పాతకారున్నను, ఈ వారమే వంగి దాని చక్రములను చూడుడు. గాలిని కొలువుడు, గాడులను తడవుడు, ఆ నాలుగంకెలను చదువుడు. గట్టిపడినవో, అరిగినవో కనబడినచో తండ్రిగారికి విన్నవింపుడు. వానలు పడకముందే ఆ పని జరుగవలయునని మా మనవి.