మెయిల్ పోయిందా, ఆగిందా?

క్యాంపు నుంచి వచ్చి మా బల్ల ముందు నిలబడేవాళ్లు తరచుగా అనే మాట ఒకటుంది. "సార్, నేను మెయిల్ పంపాను. మీకు రాలేదంటే నేనేం చేయను?" ఇన్నాళ్లూ మేము ఆ మాట సగమే నమ్మేవాళ్లం. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఈ వారం రాస్తున్నాం.

ఆ మధ్య మేము పనిచేసే చోట ఒక శుక్రవారం రాత్రి మెయిల్ సర్వర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. మర్నాటి నుంచి బయటి మెయిల్ ఒక్కటీ రాలేదు. పని తక్కువగా ఉందని సంతోషించామే తప్ప అనుమానం రాలేదు. సోమవారం, సెలవు కాగితం గడువులోగా అందలేదని ఒక తమ్ముడి పేరు మేమే పక్కన పెట్టాం. చెల్లెలి పెళ్లికి ఇంటికి వెళ్లాల్సిన మనిషి. అతను కోప్పడలేదు. ఫోన్ తీసి, పంపిన తేదీ, టైము చూపించాడు. అప్పుడు గానీ మేము సర్వర్ చూసే అతన్ని పిలవలేదు. చూస్తే అతని కాగితం, ఇంకా ఎందరివో, క్యూలో ఇరుక్కుని ఉన్నాయి. సెలవు దొరికింది. ఆ ఫోన్ చూపించకపోతే పెళ్లి తప్పిపోయేదే.

ఇలాంటివి చిన్న ఆఫీసుల్లోనే జరుగుతాయని అనుకోవద్దు. అమెరికాలో మహా పెద్ద కంపెనీలకూ తప్పలేదు.

2011 ఫిబ్రవరి 27, ఆదివారం. జీమెయిల్ తెరిచిన కొందరికి పెట్టె ఖాళీగా కనిపించింది. ఏళ్ల తరబడి దాచుకున్న ఉత్తరాలు, ఫొటోలు ఏవీ లేవు. ఉత్తరాలు దాచే సాఫ్ట్‌వేర్‌ను కొత్తది చేసినప్పుడు అందులో లోపం దొర్లిందని గూగుల్ చెప్పింది. దెబ్బ తగిలింది 0.02 శాతం మందికి, అంటే పది వేల మందిలో ఇద్దరికి. మరి వేర్వేరు చోట్ల కాపీలు పెడతారు కదా? పెడతారు. కానీ ఒకే లెక్కను నాలుగు పుస్తకాల్లో ఎక్కించే గుమస్తా తప్పు రాస్తే నాలుగింటిలోనూ అదే తప్పు ఉంటుంది. వాళ్లను కాపాడింది టేపులు. పాత పాటల క్యాసెట్లలో ఉండేలాంటి టేపు మీద ఎక్కించి, సర్వర్లకు తగలకుండా విడిగా దాచిన కాపీ అది. కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఆపి, పాతదానికి వెనక్కు వెళ్లి, టేపుల నుంచి ఉత్తరాలు తిరిగి ఎక్కించారు.

రెండోది 2022 జనవరి 1. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ఛేంజ్ సర్వర్లు సొంతంగా పెట్టుకున్న ఆఫీసుల్లో మెయిళ్లు కదలడం మానేశాయి. వైరస్ వెతికే భాగానికి వచ్చే అప్‌డేట్‌కు తేదీతో కలిపి నంబరు వేస్తారు. ఆ రోజు నంబరు 2201010001. అంటే 22వ సంవత్సరం, 01 నెల, 01 తేదీ, ఆ వెనక 0001. ఆ ప్రోగ్రాం పట్టగలిగిన పెద్ద అంకె 2147483647. కొత్త నంబరు అంతకన్నా పెద్దది కావడంతో ప్రోగ్రాం కూలింది. తనిఖీ కాని ఉత్తరాలు క్యూలో నిలిచిపోయాయి. మైక్రోసాఫ్ట్ చేసిన సర్దుబాటు ఏమిటో తెలుసా? 2112330001 అని నంబరు ఇచ్చింది. అంటే 2021 డిసెంబర్ 33! ఏ క్యాలెండర్‌లోనూ లేని ఆ తేదీతో ప్రపంచమంతా ఉత్తరాలు మళ్లీ కదిలాయి.

ఈ రెండు కథల్లో తేడా గమనించండి. ఒక చోట ఉత్తరం కనబడకుండా పోయింది, ఇంకో చోట ఆగింది. ఆగినదాన్ని కదిలించవచ్చు. పోయినదానికి మాత్రం విడిగా దాచిన కాపీ ఉంటేనే దిక్కు.

ఇక మీరు చేయాల్సినవి. పంపిన మెయిల్‌ను సెంట్ పెట్టెలోంచి తీసేయకండి. అందులోని తేదీ, టైమే మీ సాక్ష్యం. అవతలి సర్వర్ పడిపోయి ఉంటే మీ వైపు సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, చాలా చోట్ల నాలుగైదు రోజుల దాకా. అప్పటికీ చేరకపోతే చేరలేదని ఇంగ్లీషులో ఒక మెయిల్ తిరిగి వస్తుంది. అర్థం కాలేదని దాన్ని చెరిపేయకండి, మాకు చూపించండి. గడువున్న కాగితమైతే మర్నాడే ఫోన్ చేసి "అందిందా?" అని అడగండి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, జీతం స్లిప్పులు మెయిల్‌లో ఒక్కచోటే ఉంచకండి. ఒక కాగితం కాపీ మీ పెట్టెలో, ఇంకొకటి ఇంటి దగ్గర ఉండాలి. అదే మీ టేపు.

తోటి గుమస్తాలకూ ఒక మాట. అప్‌గ్రేడ్ అయిన మర్నాడు పొద్దున్నే బయటి అడ్రసు నుంచి ఒక మెయిల్ వేసి చూడండి, లోపలి నుంచి బయటికీ ఒకటి పంపండి. ఏదో ఒకటి రాకపోతే క్యూ చూడమని అడగండి. పాత సాఫ్ట్‌వేర్‌కు వెనక్కు వెళ్లే దారి ఉంచారో లేదో ముందే కనుక్కోండి.

మేమైతే ఒక నియమం పెట్టుకున్నాం. ఇక ముందు "రాలేదు" అనే ముందు "ఎప్పుడు పంపావు, చూపించు" అని అడుగుతాం. పంపిన తేదీనే లెక్కలోకి తీసుకుంటాం. ఎప్పుడైనా మరిచిపోతే ఈ పేపరు ముక్క తెచ్చి మా బల్ల మీద పెట్టండి.