పెరటి మందులు: కుప్పింటాకు చేసే పని, చెయ్యలేని పని

వానలు పడ్డాక మీ పెరటి గోడ వార ఒకసారి చూడండి. ఎవరూ నాటకుండానే అడుగో రెండడుగులో ఎత్తున, అంచులు రంపపు పళ్ళలా ఉన్న ఆకులతో, కాడ చుట్టూ చిన్న చిన్న ఆకుపచ్చ దొప్పలతో ఒక మొక్క మొలిచి ఉంటుంది. అదే కుప్పింటాకు. కొందరు మురిపిండాకు అంటారు. ఆముదం చెట్టుకి చుట్టమే ఇది. శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు అకాలిఫా ఇండికా. దీన్ని వేళ్ళతో పీకి పడేస్తే పిల్లులు వచ్చి దొర్లుతాయి, చూసే ఉంటారు.

మా రెండోవాడికి ఆరేళ్ళప్పుడు వేళ్ళ సందుల్లో గజ్జి లేచింది. మా అత్తయ్యగారు గుప్పెడు కుప్పింటాకు, కాస్త గళ్ళుప్పు వేసి రోట్లో నూరి పట్టించారు. వాడు మంటకి గంతులేశాడు గానీ, నాలుగు రోజులకి చీము పొక్కులు మాడిపోయాయి. "చూశావా, రూపాయి ఖర్చు లేదు" అన్నారావిడ. నేనూ మురిసిపోయాను. కానీ రాత్రయితే చాలు, వాడు ఒకటే గోకుడు. పది రోజులయ్యేసరికి అమ్మాయికీ, ఆ తర్వాత నాకూ మొదలైంది. ఎవరికైనా చెప్పాలంటే సిగ్గు. పేరంటాలకు కూడా మానేశాను.

చివరికి డాక్టరుగారి దగ్గరికి వెళితే, "మీ ఆకు తన పని తాను చేసిందమ్మా. గజ్జి దాని పని కాదు" అన్నారు. అసలు సంగతి అప్పుడు తెలిసింది.

గజ్జి తెచ్చేది బాక్టీరియా కాదండీ. కంటికి ఆనని పురుగు. చర్మంలో బొరియ చేసుకుని గుడ్లు పెడుతుంది. మనం గోకితే చర్మం చిట్లి, అప్పుడు బాక్టీరియా చేరి చీము పడుతుంది. కుప్పింటాకు సారాన్ని ప్రయోగశాలల్లో పరీక్షించినప్పుడు, చీము పట్టించే స్టెఫైలోకాకస్ లాంటి బాక్టీరియా పెరగకుండా అడ్డుకుంది. ఆకులో టానిన్లు, ఫ్లేవనాయిడ్లు, ఆల్కలాయిడ్లు ఉన్నాయి. టానిన్లంటే కొత్తేమీ కాదు, కరక్కాయలో, టీలో నాలుకకి తగిలే వగరు అదే. అయితే గాజుపళ్ళెంలో చేసే పరీక్షకీ, పిల్లాడి చేతి మీద పూసే ముద్దకీ చాలా తేడా ఉంది. అక్కడ కొలిచి తీసిన సారం, ఇక్కడ మట్టీ దుమ్మూ అంటిన ఆకు.

అందుకని గజ్జి అనుమానం వస్తే డాక్టరుకి చూపించండి. పర్మెత్రిన్ పూతమందు రాస్తారు. దురద లేకపోయినా సరే, ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకోవాలి. ఒక్కరు మానేసినా మళ్ళీ మొదటికే వస్తుంది. ఆ పురుగు మనిషి ఒంటి మీద లేకపోతే రెండు మూడు రోజులకు మించి బతకదు. కాబట్టి పక్కబట్టలు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి ఎండేయండి. ఉతకడానికి వీల్లేనివి సంచిలో మూటకట్టి నాలుగు రోజులు పక్కన పెట్టండి. మందు వేశాక కూడా రెండు మూడు వారాలు దురద ఉండొచ్చు, కంగారు పడకండి.

ఇంకో ముఖ్యమైన మాట. దగ్గుకి, కఫానికి పసిపిల్లలకు ఈ ఆకు రసం తాగించే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇందులో అకాలిఫిన్ అనే పదార్థం ఉంది. పచ్చి కర్రపెండలంలో ఉండే విషం లాంటిదే, నలిగితే సయనైడు పుట్టిస్తుంది. అదీగాక, కొందరికి పుట్టుకతోనే జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. మగపిల్లల్లో ఎక్కువ. అలాంటివాళ్ళు ఈ ఆకు వేసి కాచినది తాగితే రక్తకణాలు పగిలిపోయిన సంగతి శ్రీలంక డాక్టర్లు రాశారు. ఆకు తిన్నాక ఒళ్ళు పచ్చబడినా, మూత్రం కాఫీ డికాషన్‌లా వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఏం తాగించారో దాచకుండా చెప్పండి.

మా అత్తయ్యగారు ఇప్పటికీ ఆ మొక్కని పీకనివ్వరు. నేనూ పీకను. కాకపోతే రోలు దగ్గరికి వెళ్ళేముందు, ఈ జబ్బుకి కారణం ఏమిటని అడగడం నేర్చుకున్నాను. మీరూ అడగండి.

వచ్చేవారం వావిలాకు సంగతులు చెప్పుకుందాం.