బంగారం లేని నగకు మజూరీ లేదా?

బంగారం కొట్లో ఇచ్చే బిల్లును మనలో ఎంతమంది తీరిగ్గా చదివి ఉంటాం? బంగారం బరువు ఇంత, ఆ రోజు గ్రాము ధర ఇంత, తరుగు ఇంత, మజూరీ ఇంత అని వరసగా రాసి ఉంటుంది. బరువు దగ్గర ఎవరూ బేరమాడరు. తరుగు దగ్గర కాస్త గొణుగుతారు. అసలు బేరమంతా మజూరీ దగ్గరే. అంటే లోహానికి ధర ఉంది, పనిలో పోయిన లోహానికీ ధర ఉంది. దాన్ని నగగా మలిచిన చేతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో చూసి వేసుకోండి" అంటాం.

నేను చేసే నగల్లో బంగారం లేదు, వెండి లేదు. కాలిపోయిన మోటార్లలోంచి తీసిన రాగితీగ, పగిలిన గాజుల పెంకులు, పాత పట్టుచీరల అంచులు, చదివేసిన పత్రికల కాగితం, దర్జీ కొట్లో మిగిలిన పీలికలు - ఇవే నా ముడిసరుకు. పద్నాలుగేళ్ళుగా హైదరాబాదులో అద్దెకున్న రెండు గదుల్లో ఒకదాన్ని పనిగదిగా చేసుకుని ఈ పని చేస్తున్నాను. నేనూ నా కూతురూ దీనిమీదే బతుకుతున్నాం. నా నగకు బిల్లు రాస్తే బరువు దగ్గర దాదాపు సున్నా, తరుగు దగ్గర సున్నా. ఉన్నదంతా మజూరీయే. అందుకే స్త్రీ శ్రమకు మన సమాజం కట్టే ధర ఎంతో నాకు ఏ మరుగూ లేకుండా రోజూ కనబడుతుంది.

"చెత్తతో చేసిందేగా, ఇంత రేటా?" ఈ పద్నాలుగేళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. అన్నవాళ్ళంతా చెడ్డవాళ్ళు కాదు. ప్లాస్టిక్ వాడకూడదని పిల్లలకు చెప్పేవాళ్ళు, పర్యావరణం గురించి బాధపడేవాళ్ళు, ఉద్యోగాలు చేసుకుంటున్న స్త్రీలు కూడా ఉన్నారు. వస్తువు ఊరికే దొరికింది కాబట్టి పని కూడా ఊరికే దొరకాలని వాళ్ళకు తెలియకుండానే అనుకుంటున్నారు. ఇంట్లో వండినదానికీ, ఉతికినదానికీ, సాకినదానికీ లెక్క లేని చోట, అదే ఇంట్లో కూర్చుని చేసిన నగకు లెక్క ఎక్కణ్ణించి వస్తుంది?

అసలు ఆ "ఊరికే దొరికిన" వస్తువు నగ కావడానికి ఏమేం జరగాలో చెప్పాలి. మోటారు వైండింగ్ షాపులో పాత తీగను కిలోల లెక్కన అమ్ముతారు. దానిమీద ఎనామిల్ పూత ఉంటుంది. మంటలో పడేస్తే అది తొందరగానే పోతుంది. కానీ ఆ పొగ పీల్చేది నేనూ, నా కూతురూ, పక్క పోర్షన్‌లోని పసిపిల్లలూ. అందుకని గరుకు కాగితంతో గీకి తీస్తాను. తర్వాత తీగను ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. వంచుతూ, సుత్తితో కొడుతూ ఉంటే రాగి మళ్ళీ గట్టిపడుతుంది. ఇంకా వంచితే విరుగుతుంది. కాబట్టి మళ్ళీ కాల్చాలి, మళ్ళీ ముంచాలి. ఒక్క హారానికి నాలుగైదుసార్లు ఈ తంతు తప్పదు. నల్లబడ్డ రాగిని చింతపండుతో తోమాలి. గాజు పెంకుల అంచులు తడి రాయిమీద అరగదీయాలి. పొడిగా రుద్దితే పని త్వరగా అవుతుంది గానీ గాజుపొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాగితం పూసలకు పొడుగాటి త్రికోణాలుగా కాగితం కత్తిరించి, సూదికి బిగించి చుట్టి, జిగురు అంటించి, ఆరబెట్టి, రెండుసార్లు వార్నిష్ వేయాలి. కంప్యూటర్ల లోపలి సర్క్యూట్ బోర్డుల ముక్కలతో చేసి పెట్టమని అడిగేవాళ్ళున్నారు. వాటి అతుకుల్లో సీసం ఉంటుంది, నేను చేయను. పాత వస్తువును మళ్ళీ వాడటం మంచిదే. కాని అది చేసే మనిషి ఊపిరితిత్తుల ఖర్చుతో జరిగితే అందులో మంచి ఏముంది?

ఇప్పుడు లెక్క చూద్దాం. రాగితీగ, గాజు పెంకులతో చేసే హారం ఒకటి తీసుకుంటాను. తీగ, కొక్కెం, దారం, గరుకు కాగితం, గ్యాసు కలిపి 70 రూపాయలు. పని 7 గంటలు. అమ్మేది 600 రూపాయలకు. అందులో అమ్మిపెట్టే షాపు 30 శాతం, అంటే 180 తీసుకుంటుంది. మిగిలిన 420లో ముడిసరుకు 70, ప్యాకింగుకీ రానుపోను బస్సుకీ 30 తీసేస్తే నాకు మిగిలేది 320. గంటకు 46 రూపాయలు కూడా పడదు. ఇందులో తీగ కోసం ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరిగిన పూటలు లేవు. కొత్త నమూనా కోసం పాడుచేసిన ముక్కలు లేవు. కళ్ళజోడు ఖర్చు, మెడనొప్పి మందులు, గది అద్దె లేవు. పైగా షాపువాళ్ళు హారాన్ని కొనరు, "పెట్టి వెళ్ళండి, అమ్ముడుపోయాక ఇస్తాం" అంటారు. అమ్ముడుపోయి మూడు నెలలైనా డబ్బు చేతికి రాని సందర్భాలున్నాయి. చిన్న పరిశ్రమల నుంచి సరుకు కొన్నవాళ్ళు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం చెబుతోంది. 2020 జూలై నుంచి ఉద్యమ్ పేరుతో రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే, నేను చేయించుకున్నాను. కానీ అమ్మకానికి పెట్టుకోవడం కొనడం కాదని షాపు యజమాని వాదిస్తే, ఆ 45 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి?

నన్ను అందరూ "స్వతంత్రంగా పనిచేసుకుంటున్న మహిళ" అంటారు. ఒకరికింద పని చేయడం లేదు, నాకు నచ్చిన నమూనా నేను చేసుకుంటాను, ఇది నిజమే. ఈ స్వేచ్ఛను నేను తక్కువ చేయను. దీనికోసమే ఒక ఉద్యోగం వదులుకున్నాను. కానీ స్వతంత్రం అనే మాటకు అధికారుల భాషలో ఇంకో అర్థం ఉంది. నా బాధ్యత ఎవరిదీ కాదు అని. కనీస వేతనాల నియమాలు నాకు వర్తించవు, ఎందుకంటే నాకు యజమాని లేడు. ఈఎస్ఐ లేదు, ప్రసూతి సెలవు లేదు, పి.ఎఫ్. లేదు. ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. మన దేశం దానిమీద సంతకం చేయలేదు. చేసినా, స్వతంత్రంగా పనిచేసేవాళ్ళు ఆ ఒడంబడిక పరిధిలోకి రారు. పని ఇచ్చే మనిషి ఎవరో ఉంటేనే అందులో చోటు. అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం, 2008 మాత్రం స్వయం ఉపాధిలో ఉన్నవాళ్ళను కూడా కార్మికులుగానే గుర్తించింది. 2021లో ఈ-శ్రమ్ కార్డులు వచ్చాయి. నాకూ ఒకటి ఉంది. కార్డు చేతికి వచ్చింది, కార్డుతో పాటు రావలసిన పింఛను, జబ్బు చేస్తే ఆదుకునే ఏర్పాటు రాలేదు.

2023 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం విశ్వకర్మ పథకం తెచ్చింది. పనిముట్లకు 15 వేల రూపాయల సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. వినడానికి బాగుంది. 18 వృత్తుల జాబితా ఇచ్చారు. అందులో కంసాలి ఉన్నాడు, పూలదండలు కట్టేవారున్నారు, బొమ్మలు చేసేవారున్నారు. పాత వస్తువులతో నగలు చేసేవాళ్ళు లేరు. ఇది కొత్త పని, జాబితాలోకి ఎక్కడానికి కాలం పడుతుందని సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోలేనిది ఇంకొకటుంది. ఆ పథకం కుటుంబానికి ఒక్కరికే. భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు కలిపి ఒక కుటుంబమని నిర్వచనం. భార్యాభర్తలిద్దరూ చేతిపనివాళ్ళయితే ఆ ఒక్కరు ఎవరవుతారో మనకు తెలియంది కాదు. కొలిమి దగ్గర అతను, పూసలు గుచ్చేదీ, మెరుగు పెట్టేదీ, కొనేవాళ్ళతో మాట్లాడేదీ ఆమె. కార్డు అతనిది, "సాయం చేసే చెయ్యి" అనే పేరు ఆమెది.

భర్త లేనిదానికి ఇంకో రకం తలుపు మూసుకుంటుంది. 2015లో మొదలైన ముద్ర రుణానికి తాకట్టు అవసరం లేదని ప్రకటనల్లో చెప్పారు. నేను వెళ్ళిన ఒక బ్యాంకులో మొదటి ప్రశ్న "మీ వారు రాలేదా?" అని. విడిగా ఉంటున్నానంటే "పోనీ నాన్నగారినో, అన్నయ్యనో తీసుకురండి" అన్నారు. కాగితం మీద తాకట్టు అక్కర్లేదు గానీ కౌంటరు దగ్గర ఒక మగవాణ్ణి తాకట్టు పెట్టాలి. మూడుసార్లు తిరిగి, చివరికి మా పొదుపు సంఘంలో అప్పు తీసుకున్నాను. సంఘం లేకపోతే వడ్డీ వ్యాపారి దగ్గరికే పోయేదాన్ని. కానీ సంఘం అప్పుకు నెలనెలా కంతు కట్టాలి. నా అమ్మకాలేమో దసరా నుంచి సంక్రాంతి దాకా, ఆ తర్వాత పెళ్ళిళ్ళ రోజుల్లోనూ. మిగిలిన నెలల్లో కంతు కోసం సరుకును అడిగిన ధరకే ఇచ్చేయవలసి వస్తుంది.

ఇంకో సంగతి కూడా మాట్లాడాలి. పనికిరాని వస్తువును ఒంటికి అందంగా మార్చడం ఈ మధ్య ఫ్యాషన్‌గా పుట్టిన విద్య కాదు. చెల్లని నాణేలనూ, అద్దం ముక్కల్నీ, గవ్వల్నీ తమ దుస్తుల్లో, నగల్లో కూర్చిన లంబాడా స్త్రీలకు ఇది ఎప్పటినుంచో తెలుసు. పూసలూ పిన్నీసులూ బుట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగిన పూసల కులపు స్త్రీలు మన ఆడవాళ్ళ అలంకరణను నిలబెట్టారు. వాళ్ళ పని "కళ" అనిపించుకోలేదు. అదే పని అద్దాల షాపులో దీపాల కింద పెడితే పదిరెట్ల ధర పలుకుతోంది. లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు గాజుల పేరును కాపాడుతుంది, పాతబస్తీ ఇళ్ళలో వేడి లక్కమీద వేళ్ళు కాల్చుకుంటూ రాళ్ళు అద్దే స్త్రీకి రోజుకూలి ఎంతో చెప్పదు. నమూనాల విషయం కూడా ఇంతే. 2000 నాటి డిజైన్ల చట్టం కింద రక్షణ కావాలంటే నమూనా బయటపెట్టకముందే దరఖాస్తు చేయాలి. వారానికో కొత్త నమూనా చేసి, వెంటనే అమ్మితే తప్ప పొయ్యి వెలగని మనిషి ఏ నమూనాకని రుసుము కడుతుంది? నా చెవిదిద్దుల నమూనా ఒకటి ఆరు నెలల్లో అచ్చుపోసిన ప్లాస్టిక్‌లో 40 రూపాయలకు బజార్లోకి వచ్చింది.

నా ముడిసరుకు వెనక కూడా స్త్రీలున్నారని మరిచిపోకూడదు. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆమె, చెత్తకుప్పల్లో రాగినీ ఇనుమునీ వేరుచేసే ఆమె లేకపోతే నా నగ లేదు. చెత్త ఏరుకునేవాళ్ళను గుర్తించి పనిలో కలుపుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో రాశారు. వాళ్ళ చేతులకు ఈనాటికీ తొడుగులు కనబడవు. నా మజూరీ గురించి అడిగే హక్కు నాకు ఉండాలంటే, వాళ్ళు ఏరి, వేరుచేసి తెచ్చినదానికి నేను పాత ఇనుప కొట్టువాడికన్నా ఎక్కువ ధర కట్టాలి. నేను కడుతున్నాను. పైన చెప్పిన లెక్కలోని 70 రూపాయల్లో అదీ ఉంది.

చేసే సమయం ఎక్కడిదో కూడా ఆలోచించండి. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు. ఆ పని చేసే పురుషులు పెట్టింది 97 నిమిషాలు. ఆ 299 నిమిషాలు పోగా మిగిలిన సమయంలో చేసిన పనిని "ఖాళీ సమయంలో సరదాగా చేసుకుంటున్నారా?" అని అడుగుతారు. ఖాళీ సమయం అనేది మనలో ఎవరికుంది?

అందుకే కొన్ని విషయాల్లో మనం గట్టిగా నిలబడాలి. కుటుంబానికి ఒక్కరే అనే షరతును ఎత్తేసి, చేతిపని చేసే ప్రతి మనిషినీ విడిగా నమోదు చేయాలి. వృత్తుల జాబితాలు పాత కులవృత్తుల దగ్గరే ఆగిపోకూడదు. ఈ-శ్రమ్ కార్డుకు పింఛనూ వైద్యమూ జతచేయాలి. సరుకును అమ్మకానికి పెట్టుకున్న షాపు కూడా అమ్మిన రోజు నుంచి గడువులోగా డబ్బు చెల్లించేలా చట్టం స్పష్టంగా చెప్పాలి. రుణం కోసం వచ్చిన స్త్రీని మగవాడి సంతకం అడగకూడదు. అడిగితే ఫిర్యాదు చేయడానికి మన సంఘాలు ఆమె వెంట వెళ్ళాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా మనం చేయగలిగినదీ ఉంది. ఇలాంటి పని చేసే మేం అయిదుగురం రెండేళ్ళుగా ఒక మాట మీద ఉన్నాం. ప్రతి నగకు కట్టే చీటీ మీద ధరతో పాటు పట్టిన గంటలు కూడా రాస్తున్నాం. ఒకరి ధరను ఇంకొకరు కోయకూడదని అనుకున్నాం. కొందరు చీటీ చదివి పెదవి విరిచి పోతున్నారు. కొందరు మాత్రం "ఏడు గంటలా!" అని ఆగి, ఎలా చేస్తారో అడుగుతున్నారు. అడిగినవాళ్ళు సాధారణంగా బేరమాడటం లేదు. మా అమ్మకాలు పెద్దగా పెరగలేదు, కానీ అడిగిన ధరకు ఇచ్చేయడం తగ్గింది. నగరంలో ఇలా ఒంటరిగా గదుల్లో కూర్చుని పనిచేస్తున్న స్త్రీలు ఇంకా ఎంతోమంది ఉన్నారు. ఒంటరిగా ఉన్నంతకాలం మనల్ని స్వతంత్రులంటారు. నలుగురం కలిసి లెక్క అడిగినప్పుడే కార్మికులంటారు. ఆ పేరు మనకు కావాలి.