ఇంజను రాశాను, ఆట రాయడం మర్చిపోయాను

మొన్న బెంజి సర్కిల్ దగ్గర పాత కొలీగ్ ఒకడు కనపడ్డాడు. "ఇంకా ఆ గేమ్ పిచ్చి వదల్లేదా?" అన్నాడు. వదల్లేదు. కాకపోతే మొదటి ఆట బోల్తా కొట్టింది. ఎందుకు కొట్టిందో చెప్తాను. ఇది నా ఒక్కడి గోల కాదు, మన ఐటీ జనాలందరిదీ.

నేను చేసింది పులిజూదం. 3 పులులు, 15 మేకలు. మా అమ్మ చిన్నప్పుడు అరుగు మీద సుద్దతో గీసుకుని ఆడిన ఆట. పేరు వినగానే మా మావయ్య "జూదమేంట్రా, పోలీసులొస్తారు" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మన దగ్గర ఆన్‌లైన్ గేమ్ అంటే రమ్మీ అనే లెక్క. దాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రా 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది. ఈ గొడవలో మామూలు ఆటకీ చెడ్డపేరొచ్చింది. సరే, అది బయటివాళ్ళ అపోహ. అసలు జబ్బు మనలో ఉంది.

ఉద్యోగం చేస్తూనే రాత్రుళ్ళు కూర్చున్నాను. మొదటి ఎనిమిది నెలలు ఏం చేశానో తెలుసా? సొంత ఇంజను రాశాను! గోడాట్ లాంటిది సోర్సుతో సహా ఉచితంగా దొరుకుతుంటే, 15 మేకల కోసం ఓ మహా ఆర్కిటెక్చర్ కట్టాను. రెండుసార్లు రీఫ్యాక్టర్ కూడా చేశాను. నవ్వకండి, మీరైనా అదే చేస్తారు. బొమ్మలు గీయడం రాదు, శబ్దాల సంగతి తెలియదు, ఆట రంజుగా ఉందో లేదో చూసుకోవాలంటే భయం. అందుకని వచ్చిన పనిలో దూరి దాక్కుంటాం. దానికి ఇంజనీరింగ్ అని పేరు!

చివరికి ఫోన్ అమ్మ చేతిలో పెట్టాను. మూడుసార్లు ఆడి పక్కన పెట్టేసింది. "నీ పులి ఎప్పుడూ తప్పు చెయ్యదు. ఇంక నేనాడేదేముందిరా?" అంది. అంతే. ఎత్తుల మీద ఎత్తులు ముందే లెక్కేసే నా గొప్ప అల్గారిథమే ఆటని చంపేసింది. ఈ మాట మొదటి వారంలోనే, ఒక అట్టముక్కా గుప్పెడు చింతగింజలతో తెలిసేది.

మా పటమట పక్కనే ఆటోనగర్. అక్కడ లారీ బాడీ కట్టడం చూడండి. వడ్రంగి వేరు, వెల్డర్ వేరు, పెయింటర్ వేరు. వెల్డింగ్ బాగా వచ్చు కదా అని లారీ మొత్తం వెల్డింగుతోనే కట్టేసేవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. ఆట చేసే కోడర్లని మాత్రం చాలామందిని చూశాను.

"మరి స్టార్‌డ్యూ వ్యాలీ?" అంటారు వెంటనే. ఎరిక్ బరోన్ ఒక్కడే సుమారు నాలుగున్నరేళ్ళు కష్టపడి 2016లో విడుదల చేశాడు, నిజమే. కానీ అందులో బొమ్మలూ సంగీతమూ కూడా ఆయనవే. మనం ఆ కథలో "ఒక్కడే" అన్న ముక్క పట్టుకుని రాజీనామా కాగితం టైపు చేస్తాం! అంతదూరం ఎందుకు, గోవాలో ఒకే మనిషి నడిపే ఫ్రాస్ట్‌వుడ్ నుంచి 2019లో రెయిన్‌స్వెప్ట్, 2021లో ఫర్గాటెన్ ఫీల్డ్స్ వచ్చాయి. హైదరాబాదులో ఓగర్ హెడ్ అనే చిన్న జట్టు 2017లో అసుర తెచ్చింది. వీళ్ళంతా చేసిన పని ఒకటే, పూర్తి చెయ్యడం.

ఖర్చు వంక కూడా చెప్పకండి. స్టీమ్‌లో ఆటకి 100 డాలర్లు, గూగుల్ ప్లేలో ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. మనం వారాంతపు బిర్యానీలకి అంతకంటే ఎక్కువే తగలేస్తాం.

ఇక ముందు సంగతి. రెండో ఆట వామనగుంటలు. మొదటి నెల ఒక్క లైను కోడ్ కూడా రాయను, చింతగింజలే. పదిమంది ఆడి "ఇంకోసారి" అంటేనే కంప్యూటర్ తెరుస్తాను. ఇంజను రెడీమేడ్‌ది. బొమ్మలు వచ్చినవాళ్ళకి డబ్బులిచ్చి గీయిస్తాను. ముందు తెలుగులో, తర్వాతే ఇంగ్లీషు. గడువు ఆరు నెలలు. సరిపోకపోతే ఆటని కోస్తాను గానీ గడువు పెంచను. ఉద్యోగం మాత్రం మానను. ఈఎమ్‌ఐకి నా కళాపోషణతో పనిలేదు మరి :)

నన్ను తిట్టాలనుకునేవాళ్ళు తప్పకుండా తిట్టండి. దానికి ముందు మీ హార్డ్ డిస్కులో సగంలో ఆగిపోయిన ఇంజన్లెన్నో, ఎవరో ఒకరు చివరిదాకా ఆడిన ఆటలెన్నో ఒక్కసారి లెక్కపెట్టుకోండి.