మనసు సంగతులు: అమ్మ ఎంచిన బొత్తి

అమెరికాలో పిల్లల్ని పెంచే మన తెలుగు తల్లిదండ్రుల పరిస్థితి రెండు పెద్దబాలశిక్షలు ఒళ్ళో పెట్టుకుని చదివినట్టుంటుంది. ఒకదాంట్లో "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఉంటుంది. రెండోది బడిలో టీచరు, పిల్లల డాక్టరు, లైబ్రరీలోని పేరెంటింగ్ పుస్తకాలు కలిసి రాసింది. "పిల్లల్నే ఎంచుకోనివ్వండి, అప్పుడే వాళ్ళకి దానిమీద ఇష్టం పుడుతుంది" అని అందులో ఉంటుంది. శనివారం పొద్దున్న కూచిపూడి క్లాసుకి టైమైపోతుంటే గరాజ్ దగ్గర జరిగే వాదనలో ఈ రెండు పుస్తకాలూ ఢీకొంటాయి. పదేళ్ళ పిల్ల "ఇట్స్ మై ఛాయిస్" అంటుంది. తల్లికి ఏ పుస్తకం తెరవాలో తోచదు.

ఈసారి ఆ "ఛాయిస్" అనే మాట గురించి, దాని చుట్టూ మనస్తత్వ శాస్త్రంలో వచ్చిన ఒక పెద్ద మలుపు గురించి చెప్పుకుందాం. సిద్ధాంతాల పేర్లు ఏకరువు పెడితే మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు. అందుకని ప్రయోగాలు చేసినవాళ్ళకి ఏం కనపడిందో అదే ముందు చెబుతాను.

బడివాళ్ళు చెప్పే మాట గాలిలోంచి ఊడిపడింది కాదు. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. రంగు మార్కర్లతో బొమ్మలు గీయడమంటే సహజంగానే సరదా ఉన్న పిల్లల్ని ఏరి మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకి "బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. రెండో జట్టుకి ఏమీ చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మూడో జట్టుకి అసలేమీ లేదు. కొన్నాళ్ళ తర్వాత అవే మార్కర్లు క్లాసులో ఊరికే పెట్టి, ఎవరు ఎంతసేపు గీస్తారో చాటునుంచి చూశారు. బహుమతి ఆశతో గీసిన జట్టు, మిగతావాళ్ళు గీసినదాంట్లో సగం సేపే గీసింది. ఆటగా ఉన్నది వాళ్ళకి కూలిపనిలా మారిపోయిందన్నమాట. ఒక్కో "ఏ" గ్రేడుకీ ఇన్ని డాలర్లు అని రేటు కట్టే ఇళ్ళు మనలోనూ ఉన్నాయి. వాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదువుకోవాలని నా మనవి.

ఇలాంటి ఫలితాల మీదే ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ "ఆత్మనిర్ణయ సిద్ధాంతం" కట్టారు. మనిషి మనసుకి మూడు ఆకళ్ళు ఉంటాయంటుంది అది. తన పని తన ఇష్టంతోనే చేస్తున్నాననే భావన ఒకటి, చేయగలననే ధీమా ఒకటి, నావాళ్ళు ఉన్నారనే అనుబంధం ఒకటి. వీటిలో మొదటిది జనంలోకి వచ్చేసరికి కాస్త రూపు మార్చుకుంది. "ఇష్టం కలగాలంటే ఎంపిక చేతికివ్వాలి" అనే సూత్రమై, అక్కణ్ణించి పేరెంట్-టీచర్ కాన్ఫరెన్సుల దాకా పాకింది.

చిక్కల్లా ఏమిటంటే, ఈ సూత్రాలన్నీ ఎవరిని చూసి రాసినవి? జెఫ్రీ ఆర్నెట్ అనే ఆయన 2008లో ఒక లెక్క తీశారు. పేరున్న ఆరు అమెరికన్ పత్రికల్లో 2003 నుంచి 2007 దాకా వచ్చిన మనస్తత్వ పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళు ఎక్కడివాళ్ళో చూశారు. నూటికి 96 మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్ళే. అందులో 68 మంది ఒక్క అమెరికావాళ్ళు. ఆ దేశాలన్నీ కలిపినా ప్రపంచ జనాభాలో 12 శాతం దాటవు. 2010లో జోసెఫ్ హెన్రిక్, మరిద్దరు కలిసి ఈ 12 శాతానికి "వియర్డ్" అని కొంటె పేరు పెట్టారు. మీ అమ్మమ్మగారు గానీ, విజయవాడలో ఉన్న మీ పిన్నిగారు గానీ ఆ లెక్కలో ఎక్కడా లేరు.

ఇక్కడ మొదలైన కొత్త చూపునే సాంస్కృతిక మనస్తత్వ శాస్త్రం అంటున్నారు. 1991లో హేజెల్ మార్కస్, షినోబు కితయామా రాసిన వ్యాసం దీనికి పునాదిరాయి లాంటిది. "నేను" అనుకోవడమే ప్రపంచమంతటా ఒక్కలా ఉండదని వాళ్ళ వాదం. కొన్నిచోట్ల "నేను" అంటే గిరి గీసుకున్న ఒక్క మనిషి. కొన్నిచోట్ల "నేను"లో అమ్మా నాన్నా అన్నా చెల్లీ కూడా ఉంటారు. దీనికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. అమెరికన్ ఇంటికి వెళితే కాఫీయా, టీయా, పాలు వెయ్యాలా వద్దా అని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. అది వాళ్ళ మర్యాద. మన ఇంటికి వస్తే కాఫీ గ్లాసు దానంతటదే చేతిలోకి వస్తుంది, వద్దన్నా మారు వడ్డన పడుతుంది. అది మన మర్యాద. అడగకుండానే తెలుసుకోవడంలో ప్రేమ చూసేవాళ్ళకి, అడిగించుకోవడం పరాయితనంగా అనిపిస్తుంది.

ఇది పిల్లల చదువుసంధ్యల్లో ఎలా పనిచేస్తుందో చూపించింది మాత్రం షీనా అయ్యంగార్. టొరాంటోలో సిక్కు కుటుంబంలో పుట్టి, న్యూయార్క్ ప్రాంతంలో పెరిగి, హైస్కూలు నాటికే చూపు పోయినా స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసిన మనిషి. అక్కడ ఆవిడకి గురువు ఎవరనుకున్నారు? మార్కర్ల ప్రయోగం చేసిన మార్క్ లెప్పరే. గురుశిష్యులు కలిసి చేసిన ఈ ప్రయోగం 1999లో అచ్చయింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు, 105 మంది. సగం మంది తెల్ల అమెరికన్ పిల్లలు, సగం మంది ఇంట్లో అమ్మానాన్నల భాష మాట్లాడే చైనీస్, జపనీస్ కుటుంబాల పిల్లలు. అందరికీ అక్షరాలు తారుమారు చేసిన మాటల ఆట ఇచ్చారు. (పిల్లలూ, "డి-పం-మా-డు-మి" అని రాసి ఉంటే అదేం పండో చెప్పాలన్నమాట.) జంతువులు, పార్టీ అంటూ ఆరు బొత్తుల కాగితాలు, ఆరు రంగుల మార్కర్లు బల్ల మీద ఉన్నాయి. మూడో వంతు పిల్లలతో "నీకు నచ్చింది తీసుకో" అన్నారు. ఇంకో మూడో వంతుకి ప్రయోగం చేసే ఆవిడే ఫలానాది చెయ్యమని చెప్పింది. మిగతావాళ్ళతో "మీ అమ్మగారిని అడిగాం, నువ్వు ఇది చెయ్యాలని ఆవిడ అన్నారు" అని చెప్పారు. నిజానికి ఏ అమ్మనీ అడగలేదు.

తెల్ల పిల్లలు సొంతంగా ఎంచుకున్నప్పుడే బాగా చేశారు. ఎదురుగా ఉన్న ఆవిడ చెప్పినా, అమ్మ చెప్పిందన్నా వాళ్ళు చేసినదానికి రెండు రెట్లు మించి చేశారు. ఆసియా కుటుంబాల పిల్లలు అమ్మ ఎంచిందన్నప్పుడు అందరికంటే ఎక్కువ చేశారు. సొంతంగా ఎంచుకున్నప్పుడు దానికి కాస్త వెనక, పరాయి మనిషి చెప్పినప్పుడు బాగా వెనకబడ్డారు. ఆట అయిపోయాక ఖాళీ సమయంలో, ఎవరూ చెప్పకపోయినా మళ్ళీ ఆ కాగితాలు పట్టుకున్నదెవరో చూస్తే అదే వరస. అంటే భయపడి చేసింది కాదు, ఇష్టంగానే చేశారు. ఒక తెల్ల పాపకి తన అమ్మని అడిగారని వినగానే తలకొట్టేసినంత పనైందట. ఒక జపనీస్ పాప మాత్రం వెళ్ళేముందు ప్రయోగం చేసిన ఆవిడ లంగా పట్టుకుని లాగి, అమ్మ చెప్పినట్టే చేశానని అమ్మకి చెప్పమని అడిగిందట. అయ్యంగార్ ఆ సంగతి తరవాత తన పుస్తకంలో చెప్పుకున్నారు.

ఇది చదివి "చూశావా, నే చెబితే వినాలి" అని మీ అబ్బాయి ముందు ఈ పత్రిక పెట్టేయకండి. ఆ ఫలితంలోనే ఒక మెలిక ఉంది. పరాయి మనిషి చెప్పినప్పుడు ఆసియా పిల్లలు కూడా చప్పబడిపోయారు. కాబట్టి వాళ్ళు పెద్దల మాట జవదాటని బుద్ధిమంతులు కావడం వల్ల వచ్చిన ఫలితం కాదిది. చెప్పింది అమ్మ గనక వచ్చింది. పైగా వాళ్ళు ఏడెనిమిదేళ్ళ పిల్లలు, పదిహేడేళ్ళవాళ్ళు కారు. ఎంచింది కాగితాల బొత్తి, మెడిసిన్ సీటు కాదు. చైనీస్, జపనీస్ పిల్లలకి వర్తించింది మన పిల్లలకి అక్షరాలా వర్తించాలనీ లేదు.

ఆ మెలికని 2008లో బావో, లామ్ అనే ఇద్దరు విప్పి చూశారు. చైనాలో పదీ పదకొండేళ్ళ పిల్లల్ని తీసుకుని, తమకోసం ఎంచిన పెద్దవాళ్ళతో ఆ పిల్లలకి ఎంత దగ్గరితనం ఉందో కూడా లెక్కలోకి తీసుకున్నారు. దగ్గరితనం ఉన్నచోట ఎవరు ఎంచారన్నది పెద్దగా పట్టింపు కాలేదు. అది లేనిచోట చైనా పిల్లలకి కూడా సొంత ఎంపికే కావాల్సి వచ్చింది. ఇంకో సంగతి కూడా తేలింది. ఎంచింది ఎవరైనా సరే, "ఇది నా పనే" అని మనసులో అనుకున్న పిల్లలకే చదువు మీద ఉత్సాహం ఎక్కువ. డెసీ, రయన్ మొదట అన్నది ఇదే. స్వేచ్ఛ అంటే మెనూ కార్డులోంచి ఏరుకోవడం అని వాళ్ళు ఎప్పుడూ అనలేదు. ఆ అర్థం మధ్యలో మనమే అంటగట్టాం.

మన దేశం సంగతి జోన్ మిల్లర్, రేఖా దాస్, శర్మిష్ఠ చక్రవర్తి 2011లో చూశారు. అయినవాళ్ళకి, స్నేహితులకి సాయం చెయ్యడం బాధ్యత అన్నప్పుడు అమెరికన్ల మనసులో "నా ఇష్టంతో చేస్తున్నా" అన్న భావనా, తృప్తీ తగ్గాయి. భారతీయుల్లో తగ్గలేదు. బాధ్యతగా అనుకున్నకొద్దీ తృప్తీ, ఇష్టమూ కూడా పెరిగాయి. ప్రతి నెలా ఊళ్ళో అమ్మానాన్నలకి డబ్బు పంపేవాళ్ళని చూసి "ఎందుకింత బరువు మోస్తావు?" అని ఆఫీసులో ఎవరైనా జాలిపడితే, ఆ జాలి ఎందుకో మనకి అర్థం కాకపోవడానికి కారణం ఇదేనేమో.

2011లోనే ఏమీ చువా రాసిన "టైగర్ మదర్" పుస్తకం పెద్ద దుమారం లేపింది. ఆసియా పిల్లలకి కఠినమైన పెంపకమే సరిపోతుందని చాలామందికి అది ఊతమిచ్చింది. సు యంగ్ కిమ్ బృందం అంతకుముందే 444 చైనీస్ అమెరికన్ కుటుంబాలని ఎనిమిదేళ్ళపాటు గమనిస్తూ వచ్చింది. 2013లో ఫలితాలు బయటపెట్టింది. ప్రేమతోపాటు అరుపులూ, సిగ్గుపడేలా మాట్లాడటమూ కలిపి పెంచినవాళ్ళని "టైగర్" లెక్కలో వేశారు. వాళ్ళ పిల్లలకి, ఆదరంగా పెంచినవాళ్ళ పిల్లలకంటే మార్కులు తక్కువ, దిగులు ఎక్కువ, అమ్మానాన్నలకి దూరమయ్యామన్న భావన ఎక్కువ. అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ 444 ఇళ్ళలో ఎక్కువ భాగం టైగర్ ఇళ్ళు కావు, ఆదరంగా పెంచే మామూలు ఇళ్ళు. పుస్తకాలకి ఎక్కేది పులులే గానీ.

కూచిపూడి క్లాసు దగ్గరికొస్తే, నాకు తోచింది ఇది. "మానెయ్యాలా వద్దా" అని పిల్లని అడగడానికి ముందు, ఆ క్లాసు ఎవరిదని తను అనుకుంటోందో కనుక్కోవచ్చు. నాట్యం మీకెందుకు ఇష్టమో, మీ చిన్నప్పుడు నేర్చుకునే వీలు ఎందుకు లేకపోయిందో ఎప్పుడైనా చెప్పారా? కారులో వెళ్ళేటప్పుడు ఇరవై నిమిషాలు దొరుకుతాయి, రేడియో ఆపితే. అప్పటికీ పిల్ల వద్దంటే, అది వినదగ్గ మాటే.

వచ్చే సంచికలో మార్ష్‌మెలో పరీక్ష. ఒకటి ఇప్పుడు తినకుండా ఆగితే రెండు ఇస్తామంటే, కామెరూన్‌లో న్సో తెగ పిల్లలు జర్మన్ పిల్లలకంటే ఎంతో ఎక్కువసేపు ఎలా ఆగగలిగారో చూద్దాం.