గృహిణీ విజ్ఞానము: పాత్ర యెఱిగి పదార్థము నుంచుట



దేవరాపల్లి నుండి యొక సోదరి వ్రాసిన జాబు ఈ మాసమున మాకు చేరినది. విశాఖపట్టణము జిల్లాలోని ఆ యూరు 2022వ సంవత్సరము నుండి అనకాపల్లి జిల్లాలో చేరియున్నది. ఇంటిపని తీఱిన పిమ్మట రాత్రులందు ఆమె కంప్యూటరునకు పని చెప్పు ‘సీ’ యను భాషను అభ్యసించుచున్నది. తమ పొదుపు సంఘమునకు పద్దులు వ్రాయునదియు ఆమెయే. సభ్యురాండ్రు పదిమంది, పంచవలసిన వడ్డీ 1,255 రూపాయలు. తాను వ్రాసిన ప్రోగ్రాము తలకు 125 రూపాయలని చెప్పగా, అట్లే పద్దు వేసినది. తుదకు ఐదు రూపాయలు ఎవరి పద్దునను కానరాలేదు. “ఆ ఐదు రూపాయలు ఏమైనవమ్మా?” అని యొక పెద్దావిడ అందఱి యెదుట అడిగినదట. “పోయినది ఐదు రూపాయలు కాదు, నా మాట. ఈ చదువు మానివేయుదునా?” అని సోదరి ప్రశ్న.

మానవలదు. సోదరీ, మీ బుద్ధియందు లోపము లేదు; మీరు ఎన్నుకొనిన పాత్రయందే లోపమున్నది.

కంప్యూటరు యొక్క జ్ఞాపకస్థానమును మన వంటయింటి అలమరవలె భావింపుడు. ఒక విలువ నుంచుటకు అందొక పాత్రను గైకొని దానికి పేరు పెట్టుదుము. పేరుగల ఆ పాత్రయే చలరాశి. దానినే వేరియబుల్ అందురు. ఉప్పుజాడీలో నేడు సోలెడు, రేపు గిద్దెడు ఉప్పుండవచ్చును. జాడీ పేరు మాత్రము మాఱదు. అయితే తట్టలో నూనె పోయముగదా! కావున ‘సీ’ భాషలో పాత్ర నడుగునపుడే అందేమి యుంచుదుమో చెప్పవలయును. దీనికి ప్రకటన యని పేరు. ముందు రకము, పిదప పేరు, ఆ పిదప విలువ. ‘ఇంట్ సభ్యులు = 10;’ అని ఆంగ్లాక్షరములతో వ్రాసినచో, పూర్ణాంకము పట్టు పాత్రయొకటి యేర్పడి అందు పది చేరును.

తొలుత మూడు రకములు తెలిసిన చాలును. లెక్కపెట్టు వస్తువులకు ‘ఇంట్’: సభ్యురాండ్రు, కోళ్లు, కొబ్బరికాయలు. కొలుచు వస్తువులకు దశాంశము పట్టు ‘డబుల్’: బెల్లపు దిమ్మ తూకము, రైవాడ జలాశయపు నీటిమట్టము. ఒక్క అక్షరమునకు ‘చార్’. అట్టి అక్షరములను వరుసగా గ్రుచ్చిన దండకు స్ట్రింగ్ అని పేరు. మనుష్యుల పేర్లకు, ఊళ్ల పేర్లకు అది తగును.

ఇక మీ ఐదు రూపాయల సంగతి. వడ్డీని, సభ్యుల సంఖ్యను రెంటిని మీరు ‘ఇంట్’గా ప్రకటించితిరి. పూర్ణాంకమును పూర్ణాంకముచే భాగించినపుడు ‘సీ’ భాష దశాంశభాగమును విడిచివేయును. 125.50 అనునది 125 అయినది. తలకు అర్ధరూపాయి చొప్పున పదిమందికి ఐదు రూపాయలు మాయమైనవి. ఫలితమును మాత్రము ‘డబుల్’ పాత్రలో ఉంచినను లాభము లేదు; భాగహారము అంతకుముందే ముగియును.

అన్నిటిని ‘డబుల్’ చేయుదుమా యన్న, అదియు ధనమునకు తగదు. ఆ పాత్రలో 0.1 వంటి సంఖ్య సరిగా ఇమడదు, 0.1ని 0.2తో కూడిన సరిగా 0.3 రాదు. కావున పద్దును పైసలలో వ్రాయుడు. 1,25,500 పైసలను పదింట భాగింప 12,550 పైసలు వచ్చును. పదునొకండుగురున్నచో తలకు 11,409 పైసలు పోగా ఒక్క పైస శేషించును. దానిని సంఘపు నిధిలో పేరు పెట్టి జమకట్టుడు. శేషమును దాచని పద్దే నమ్మదగిన పద్దు.

బ్యాంకు ఖాతా నంబరును ‘ఇంట్’లో ఎన్నడును ఉంచకుడు. మొదటనున్న సున్నలు రాలిపోవును. దానిని మనము కూడము, భాగింపము; కావున అది పేరు వంటిది, అక్షరముల దండలోనే ఉంచవలయును. పాత్ర పరిమాణమును గూడ చూడవలయును. నేటి యంత్రములలో సాధారణముగా ‘ఇంట్’ పట్టు గరిష్ఠసంఖ్య 2,14,74,83,647. పండ్రెండంకెల ఆధార్ సంఖ్య అందు పట్టదు.

ఇట్టి పొరపాటు మహాపండితులకును తప్పలేదు. 1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఏరియన్ 5 రాకెట్టు మొదటిసారి యెగసినది. పెద్ద పాత్రలోని దశాంశసంఖ్యను 32,767కు మించి పట్టని చిన్న పాత్రలోనికి మార్పబోగా లెక్క చెడి, నిమిషమైన గడువకముందే అది ఆకసమున ముక్కలైనది. మానిక పట్టు పాత్రలో కుంచము పోసినట్లే గదా!

ధనము లెక్కకు తగిన పాత్ర ఏదియన్న ప్రశ్న పాతదే. 1959లో రూపమునొందిన కోబాల్ అను వ్యాపారభాషలో, సంఖ్యకు ఎన్ని యంకెలు, దశాంశబిందు వెచట అని ముందే ప్రకటింతురు. ఆ భాషకు మూలముగా నిలిచిన ఫ్లో-మాటిక్ అను భాషను రూపొందించిన బృందమునకు నాయకురాలు గ్రేస్ హాపర్ అను స్త్రీ.

సోదరీ, తదుపరి సమావేశమున సవరించిన పద్దును అందఱి యెదుట చదువుడు. తప్పెచట జరిగినదో దాపరికము లేక చెప్పుడు. అడిగిన పెద్దావిడకు ముందుగా నమస్కరింపుడు. ఆమె అడుగకున్నచో ఆ తప్పు మఱియెన్ని మాసములు సాగెడిదో! అర్ధరూపాయి చొప్పున అందఱికి ముట్టిననాడు మీ మాట మీకు తిరిగి దక్కును.